లెక్సె నోట్‌బుక్: పాప హోంవర్క్ గురించి నార్వీజియన్‌లో మాట్లాడ్డం నేర్చుకుంటున్నా

34వ వారం, ఆగస్టు

ఇక్కడ ఎవరూ తారీకులతో మాట్లాడరు, వారం నంబర్లతో మాట్లాడతారు. స్కూల్ నుంచి వచ్చే కాగితం మీద కూడా పైన పెద్దక్షరాలతో "ఊకె 34" అని ఉంటుంది, అంటే సంవత్సరంలో 34వ వారం అన్నమాట, అందుకే ఈ డైరీకి కూడా అవే నంబర్లు పెట్టుకుంటున్నా.

మేం నార్వేలోని ట్రోన్‌హైమ్ వచ్చి మూడేళ్ళయింది. పాపకి అప్పుడు ఐదేళ్ళు, ఒక ఏడాది బార్నెహాగెకి, అంటే ఇక్కడి కిండర్‌గార్టెన్‌కి వెళ్ళింది, తర్వాత ఒకటో క్లాసు, రెండు, ఇప్పుడు మూడు. నాది సాఫ్ట్‌వేర్, ఆఫీసంతా ఇంగ్లీషే, మా ఆయనకీ అంతే, కొట్టుకెళ్ళినా ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది, అందుకని నార్వీజియన్ రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మధ్యలో ఆపేశా. ఇక్కడి యూనివర్సిటీ ఎన్‌టీఎన్‌యూ వాళ్ళు "నార్వీజియన్ ఆన్ ద వెబ్" అని ఉచిత కోర్సు పెట్టారు, చాలా బాగుంటుంది, తప్పు కోర్సుది కాదు, నేర్చుకున్న ముక్క రాత్రికల్లా వాడే చోటు నాకు లేకపోవడమే.

మొన్న జూన్‌లో మా అమ్మ విజయవాడ నుంచి వీడియో కాల్ చేసి "ఏం చదివావే ఇవాళ స్కూల్లో?" అనడిగింది. పాప నోరు తెరిచింది, ఆగింది, నావైపు తిరిగి నార్వీజియన్‌లో గబగబా ఏదో చెప్పింది, అమ్మమ్మకి చెప్పమని. నాకు అర్థం కాలేదు. అన్నం గురించి, బొమ్మల గురించి, కోపం వస్తే నా మీదా తెలుగు ధారాళంగా వచ్చే పిల్లకి స్కూల్ గురించి చెప్పాలంటే తెలుగులో మాటలు దొరకట్లేదు, ఆ మాటలున్న భాషేమో నాకు రాదు. రోజులో ఐదారు గంటలు గడిపే చోటు గురించి నాకు ఏమీ తెలియట్లేదని ఆ రోజు అర్థమైంది.

అందుకే ఈ ప్రాజెక్టు. మొత్తం నార్వీజియన్ నేర్చుకోను, ఒక్క హోంవర్క్ గురించి మాట్లాడ్డం నేర్చుకుంటా. నవంబర్‌లో, అంటే 46వ వారంలో, టీచర్‌తో మీటింగ్ ఉంటుంది, దాని పేరు ఊత్‌విక్లింగ్స్‌సమ్‌తాలె, ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, పిల్లలు కూడా కూర్చుంటారు. ఆ మీటింగ్‌లో ఇంగ్లీషు ముక్క లేకుండా మాట్లాడాలి. సామాన్లు: ఒక రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్, ఫోన్‌లో వాయిస్ రికార్డర్, వారం వారం వచ్చే ప్లాన్ కాగితం, సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర ఇరవై నిమిషాలు.

35వ వారం

ముందు అసలు మాట. హోంవర్క్‌ని ఇక్కడ "లెక్సె" అంటారు. ఒకటైతే లెక్సె, ఆ లెక్సె అని ప్రత్యేకించి చెప్పాలంటే లెక్సా, ఎక్కువుంటే లెక్సెర్, ఆ లెక్సెర్ అన్నీ అంటే లెక్సెనె. అంటే ఇంగ్లీషులో ముందొచ్చే "ద" అనే ముక్క వీళ్ళకి మాట చివర అతుక్కుంటుంది. ఇది ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నప్పుడు వింతగా అనిపించింది, తెలుగు మీదుగా ఆలోచిస్తే వింతేం లేదు, మనం "పుస్తకం, పుస్తకాలు, పుస్తకాలని" అని తోక వెనకాల తగిలించుకుంటూ పోతాం కదా, బుద్ధి దానికి అలవాటు పడే ఉంది.

లెక్సెకి దగ్గర్లోనే "లేకెర్" అని ఇంకో మాట ఉంది, బొమ్మలు అని అర్థం, "లేకె" అంటే ఆడుకోవడం. మొదటి రోజు పాపని లేకెర్ అయ్యాయా అనడిగితే బొమ్మల పెట్టె తీసుకొచ్చి చూపించింది. మధ్యలో ఆ "క్స" గట్టిగా పలకాలి.

ఈ వారం ప్లాన్ కాగితంలో ఉన్న మాటలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించా. ఒప్‌గావె అంటే లెక్కల పుస్తకంలో ఒక్కో ఎక్సర్‌సైజు. ఓవె అంటే ప్రాక్టీస్ చేయడం. లెవేరె అంటే టీచర్‌కి ఇచ్చేయడం. హుస్క్ అంటే గుర్తుంచుకో, దీని కింద జిమ్ బట్టలు, ఇండోర్ చెప్పులు, కొండెక్కే రోజుకి వేడి బట్టలు అని లిస్టుంటుంది. అన్నిటికన్నా ఎక్కువసార్లు కనబడే వాక్యం ఇది: "లేస్ హొయ్త్ ఫొర్ ఎన్ వొక్సెన్." పెద్దవాళ్ళెవరికైనా వినబడేలా పైకి చదువు అని. రోజూ రెండు పేజీలు, కొన్ని రోజులు మూడేసి సార్లు.

ఇన్నాళ్ళూ ఆ లైను చూసి సంతకం పెట్టేసేదాన్ని, పాప గదిలో తనే చదువుకునేది. ఆ పెద్ద మనిషిని నేనే కదా. ఈ వారం నుంచి పక్కన కూర్చుని వింటున్నా, పాప పర్మిషన్ అడిగి రికార్డు కూడా చేస్తున్నా, మర్నాడు బస్సులో ఆ రెండు పేజీలే మళ్ళీ మళ్ళీ వింటున్నా. మూడో క్లాసు పిల్ల చదివే స్పీడు నాకు సరిగ్గా సరిపోయింది, ఏ యాప్‌లోనూ దొరకని స్పీడు అది.

36వ వారం

ఈ వారం దొరికింది నాకు చాలా పెద్ద విషయం, కొంచెం వివరంగా రాసుకుంటా.

నోట్‌బుక్‌లో మాటలు మొదట ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నా, పాప విని ప్రతిదీ సరిచేస్తూనే ఉంది. బార్న్ అంటే పిల్ల, పిల్లలు, నేను "బార్న్" అంటే "కాదమ్మా" అంటుంది, తను చెప్తే నాకు తేడా తెలుస్తోంది కానీ పట్టుకోలేకపోతున్నా. రికార్డింగ్ నాలుగైదుసార్లు విన్నాక అర్థమైంది, అది "బాణ్". మన ణ! బాణం లోని ణ! రాతలో ర, న పక్కపక్కన ఉంటాయి, నోట్లో ఆ రెండూ కలిసిపోయి ణ అయిపోతుంది. అంటే మూడేళ్ళుగా నేను బార్నెహాగె అంటున్నది బాణెహాగె.

ఆ తాళం తీశాక మిగతావన్నీ వరసగా వచ్చేశాయి. ర తర్వాత త వస్తే ట. ర తర్వాత ద వస్తే చాలాసార్లు డ. ర తర్వాత స వస్తే ష. వాళ్ళ భాష పేరే నొర్స్క్ కాదు, నొష్క్. అర్థం కాలేదు అని చెప్పాలంటే "యై ఫొష్టోర్ ఇక్కె", అందులో ఉన్నది అచ్చంగా కష్టం, ఇష్టం లోని ష్ట. ఇక మామూలుగా వచ్చే త, ద, న మాత్రం నాలుక పళ్ళకి తగిలే మన త, ద, న లే. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఈ రెండు రకాలకీ తేడా పోతుంది, తెలుగులో రాస్తే ఒక్క చూపుకే తెలుస్తుంది. అంచేత నోట్‌బుక్ మొత్తం తెలుగు లిపిలోకి మార్చేశా, రెండు సాయంత్రాలు పట్టింది.

హోంవర్క్ చేశావా అనే వాక్యం ఇలా తయారైంది: "హార్ దూ యూట్ లెక్సెనె దీనె?" చేయడం అనే మాట రాతలో గ తో మొదలవుతుంది, నోట్లో ఆ గ పలకదు, య వస్తుంది. అలాగే సహాయం అనే మాటకి రాతలో ముందు హ ఉంటుంది, పలికేది "యెల్ప్". ఇంకోటి, వాక్యం చివర "దీనె" చూశారా, అది "నీవి". నీ హోంవర్క్ అనకుండా హోంవర్క్ నీది అన్నట్టు వెనకపెడతారు.

తెలుగు లిపికి అందనివీ ఉన్నాయి. "దూ" అని రాశా కానీ అది ఊ కాదు, పెదాలు ఊ అన్నట్టు ముడిచి లోపల ఈ వైపు లాగాలి. ఇంకో అచ్చు ఉంది, ఏ అంటూ పెదాలు గుండ్రం చేయాలి, ప్రాక్టీస్ చేయడం అనే "ఓవె" లో మొదటి శబ్దం అదే. వాటి మీద ఎర్ర పెన్నుతో సున్నా చుడుతున్నా, సున్నా కనబడితే పెదాలు గుండ్రం అని గుర్తు.

ఇదే దేశంలో స్టవాంగర్, బర్గెన్ వైపు ఉన్న తెలుగువాళ్ళకి మాత్రం ఈ ణ, ట చిట్కా పనికిరాదు, అక్కడ ర ని గొంతులోంచి పలుకుతారు, పక్క అక్షరంతో కలవదు. ఓస్లో, ట్రోన్‌హైమ్ వైపు వాళ్ళకి మాత్రం తెలుగు పుట్టుకతో ఇచ్చిన వరం ఇది.

37వ వారం

ఈ వారం దెబ్బ తగిలింది. ప్లాన్ కాగితంలో "తిల్ తూష్‌దాగ్" అని ఒక గడి ఉంది, తూష్‌దాగ్ అంటే గురువారం. నేను గురువారం చేయాల్సిన హోంవర్క్ అనుకుని గురువారం సాయంత్రం తీరిగ్గా కూర్చోబెట్టి చేయించా. శుక్రవారం పాప మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది. "తిల్" అంటే ఆ రోజుకల్లా తయారుగా ఉండాలని, అంటే బుధవారం రాత్రికే అయిపోవాలి. "పో తూష్‌దాగ్" అంటే గురువారం నాడు, "తిల్ తూష్‌దాగ్" అంటే గురువారానికి. తెలుగులోనూ ఇంతే కదా, గురువారం వేరు, గురువారానికి వేరు, ఒక్క "కి" లో ఉంది అంతా. నేను ఆ "కి" ని చూడలేదు. పాపకి సారీ చెప్పా, తప్పు నాది, దానిది కాదు అని టీచర్‌కి స్కూల్ యాప్‌లో మెసేజ్ కూడా పెట్టా, రెండే లైన్లు, నార్వీజియన్‌లో రాసిన మొదటి మెసేజ్ అది.

మంగళవారం తీష్‌దాగ్, గురువారం తూష్‌దాగ్, ఫోన్‌లో వింటే ఒకేలా ఉంటాయి, జాగ్రత్త.

39వ వారం

పోయిన వారం జ్వరాలు, ఏమీ రాయలేదు, చదువు మాత్రం ఆపలేదు.

ఈ వారం పని అడగడం. "విల్ దూ యోరె లెక్సెర్ నో?" అని మూడు రోజులు అడిగా, మూడు రోజులూ పాప ప్రశాంతంగా "నై" అని చెప్పి బొమ్మలేసుకుంది. నా తలలో ఇంగ్లీషు "విల్" తిరుగుతోంది, ఇప్పుడు చేస్తావా అని అడిగాననుకుంటున్నా, నిజానికి నేనడిగింది నీకు హోంవర్క్ చేయాలని ఉందా అని. ఉండదు కదా మరి. నిజాయితీగా జవాబు చెప్పింది పిల్ల.

చేయాలి అంటే "మో". "దూ మో యోరె లెక్సెనె." చేద్దామా అంటే "స్కాల్ వి యోరె లెక్సెర్?" చేస్తే మంచిది అంటే "బోర్". నాలుగూ అట్టముక్క మీద రాసి ఫ్రిజ్ మీద అంటించా. స్కాల్ వి తో అడిగితే పని జరుగుతోంది, కలిసి చేద్దామా అన్నట్టు ఉంటుంది కాబట్టేమో.

పాప రోజూ వాడే మాట ఇంకోటి పట్టుకున్నా, "గిద్దెర్ ఇక్కె". డిక్షనరీలో దీనికి ఒక్క మాటతో అర్థం దొరకలేదు. చేతకాక కాదు, ఇష్టం లేక కూడా కాదు, ఇప్పుడు ఒళ్ళు వంచి ఆ పని మొదలుపెట్టే ఓపిక లేదు అని. పని నుంచి వచ్చి సోఫాలో కూలబడి "అబ్బా ఇప్పుడెవరు లేస్తారు" అంటాం చూడండి, అది. ముందు ఆ మాట వింటే మొండితనం అనుకుని కోప్పడేదాన్ని. ఇప్పుడు అది వినగానే అరటిపండో, పాలో ఇచ్చి పది నిమిషాలు వదిలేస్తున్నా, తర్వాత తనే వచ్చి కూర్చుంటోంది.

40వ వారం

వాక్య నిర్మాణం. తెలుగులో క్రియ చివర కూర్చుంటుంది, వీళ్ళకి క్రియ రెండో కుర్చీలోనే కూర్చోవాలి, మొదటి కుర్చీలో ఎవరున్నా సరే. "మాకు హోంవర్క్ లేదు" అంటే "వి హార్ ఇక్కె లెక్సెర్", ముందు "ఇవాళ" పెడితే "ఇ దాగ్ హార్ వి ఇక్కె లెక్సెర్", హార్ కదలదు, వి వెనక్కి జరుగుతుంది. దీనికోసం కాగితం ముక్కల మీద మాటలు రాసి టేబుల్ మీద పేర్చి జరుపుతూ ప్రాక్టీస్ చేశా, క్రియ ఉన్న ముక్కని గ్లాసు కింద పెట్టి కదలకుండా చేసి మిగతావి చుట్టూ తిప్పడం. చేతితో చేస్తే బుర్రకెక్కింది.

అంతా బాగా వచ్చింది అనుకుంటుండగా పాప ఫోన్‌లో ఫ్రెండ్‌ని అడుగుతోంది: "కా దూ హార్ ఇ లెక్సె?" పుస్తకం ప్రకారం "వా హార్ దూ ఇ లెక్సె" కావాలి. ఏంటో తప్పు మాట్లాడుతోందని సరిచేయబోయా, "అందరూ ఇలాగే అంటారమ్మా" అంది. పక్కింటి పెద్దావిడని అడిగితే నవ్వి, మా ట్రోన్‌హైమ్‌లో అంతేనమ్మా అని చెప్పింది. ఇక్కడ "వా" ని "కా" అంటారు, దాని తర్వాత క్రియ రెండో కుర్చీ వదిలేసినా ఫర్వాలేదు. "యై" అంటే నేను అని నేర్చుకున్నానా, ఇక్కడ పిల్లలు యాపిల్ అనేటప్పుడు ముందొచ్చే శబ్దం ఒక్కటే పలుకుతారు, అదే "నేను". "ఇక్కె" అంటే కాదు, లేదు, దాన్ని "ఇచ్" అంటారు. లెక్సెనె కాస్తా "లెక్సాన్".

మొదట నీరసమొచ్చింది, ఇంతా చేసి నేర్చుకున్నది పుస్తకం భాష, పిల్ల మాట్లాడేది వేరే. తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే ఇది మనకి కొత్తేం కాదు. మా పెద్దమ్మ వాళ్ళది శ్రీకాకుళం, పిన్ని వాళ్ళది కరీంనగర్, మాది కృష్ణా, ముగ్గురూ ఒకచోట కూర్చుంటే ఎవరి యాస వాళ్ళది, రాసేటప్పుడు మాత్రం ఇంచుమించు ఒకటే. తేడా ఏంటంటే మా చిన్నప్పుడు యాసలో మాట్లాడితే స్కూల్లో సరిచేసేవాళ్ళు, ఇక్కడ సరిచేయరు. 1878లోనే వీళ్ళ పార్లమెంటు పిల్లలకి వీలైనంతవరకు వాళ్ళు మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని తీర్మానం చేసింది. అంతకుముందే ఈవార్ ఓసెన్ అనే ఆయన 1842 నుంచి ఊరూరా తిరిగి యాసలన్నీ సేకరించి వాటిలోంచి ఒక రాత భాష తయారుచేశాడు, అదే ఇప్పటి నీనొష్క్, అందుకే ఈ దేశానికి రెండు రాత భాషలు. చదువుతుంటే మన గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు, జనం మాట్లాడే భాషకి బడిలో చోటుండాలని ఆయన ఎంత పోరాడారో.

నిర్ణయం: నేను మాట్లాడేది పుస్తకం భాష, వినేది ట్రోన్‌హైమ్ భాష. నోట్‌బుక్‌లో రెండో కాలమ్ గీశా.

41వ వారం

శరత్కాలం సెలవులు. లెక్సెర్ లేవు. అడవిలో లింగన్‌బెర్రీలు ఏరుకొచ్చాం, పచ్చడి కూడా పట్టా, అది వేరే కథ.

42వ వారం

లెక్కలు. ఇవి సులువనుకున్నా.

పాప పుస్తకంలో 12 : 3 అని ఉంది. నిష్పత్తులు మూడో క్లాసులోనే చెప్తున్నారా అనుకుని పది నిమిషాలు నిష్పత్తి గురించి వివరించా. అది భాగహారం. వీళ్ళ భాగహారం గుర్తు రెండు చుక్కలే, మన అడ్డగీత మీదా కిందా చుక్కలుండే గుర్తు కాదు. గుణకారానికి మధ్యలో ఒక్క చుక్క. మూడున్నర రాయాలంటే 3,5 అని కామా పెడతారు, చుక్క కాదు. ఇక్కడ పిల్లల హోంవర్క్ చూసే మనవాళ్ళెవరైనా ముందు ఈ మూడూ తెలుసుకోండి, భాష రాకపోయినా ఇవి తెలిస్తే సగం గొడవ పోతుంది. నోట్లో మాత్రం తేలిక: ప్లుస్, మీనుస్, గాంగె, దేలె.

ఎక్కాలని గాంగెతబెల్ అంటారు. "తూ గాంగెర్ తూ ఏర్ ఫీరె." మనకి "రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు" అని పాటలా సాగుతుంది, దానివల్లే గుర్తుంటాయి. పాపకి రెండూ నేర్పుతున్నా, ఒక పూట అలా, ఒక పూట ఇలా. ఏడో ఎక్కం దగ్గర నార్వీజియన్‌లో ఆగిపోతే కళ్ళు మూసుకుని తెలుగులో "ఏడెనిమిదులు యాభై ఆరు" అని లోపల అనుకుని పైకి "ఫెమ్తిసెక్స్" అని చెప్పింది. ఆ క్షణం మాత్రం నాకు చాలా సంతోషమేసింది, నోట్‌బుక్‌లో తారీకు వేసి రాసుకున్నా.

అంకెల్లో ఒక చిక్కు. పక్కింటి పెద్దావిడ 24 ని "ఫీరె ఒ త్యూవె" అంటుంది, అంటే నాలుగూ ఇరవై. స్కూల్లో చెప్పేది "శూఎఫీరె", ఇరవై నాలుగు, మనలాగే పెద్దది ముందు. 1951లో ప్రభుత్వం లెక్కపెట్టే పద్ధతి మార్చింది, టెలిఫోన్ నంబర్లు చెప్పుకోవడంలో గందరగోళం లేకుండా. పెద్దవాళ్ళు చాలామంది పాతదే వాడతారు. ఆవిడ దగ్గర పాత పద్ధతి, పాప దగ్గర కొత్తది, రెండూ వింటున్నా.

43వ వారం

లెక్సెయెల్ప్ అని ఉంది, స్కూల్ అయ్యాక అక్కడే కూర్చుని హోంవర్క్ చేసుకోవచ్చు, పెద్దవాళ్ళెవరో ఒకరు సాయం చేస్తారు, ఫీజు లేదు, మునిసిపాలిటీలు దీన్ని ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది, వెళ్ళడం మాత్రం మనిష్టం. పాపని వారంలో ఒక రోజు పంపుదామనుకున్నాం.

"హాల్ ఫీరె" కి అయిపోతుందన్నారు. హాల్ అంటే సగం, ఫీరె అంటే నాలుగు. నాలుగున్నర అనుకుని నాలుగూ ఇరవైకి వెళ్ళా. పాప ఒక టీచర్‌తో కూర్చుని ఉంది, గంట నుంచీ. హాల్ ఫీరె అంటే మూడున్నర! మూడు దాటి అరగంట అని మనం వెనక్కి చూసి చెప్తాం, నాలుగుకి సగం దూరం వచ్చాం అని వీళ్ళు ముందుకి చూసి చెప్తారు. "తీ పో హాల్ ఫీరె" అంటే మూడున్నరకి ఇంకా పది, అంటే మూడూ ఇరవై. ఈ సంగతి ఎప్పుడో చదివా, చదివింది అవసరానికి గుర్తు రాలేదు. పాప ఏమీ అనలేదు కానీ దారంతా నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది. ఆ రాత్రి అట్టతో గడియారం చేసి ముళ్ళు పెట్టి ఇద్దరం గంటసేపు ఆడాం, ఇప్పుడు ఎవరు ఏ టైము చెప్పినా ముందు తెలుగులోకి మార్చి పైకి అనుకుంటున్నా.

45వ వారం

మీటింగ్‌కి రిహార్సల్. సాయంత్రం నాలుగు దాటేసరికే చీకటి పడుతోంది, దీపం పెట్టుకుని కూర్చుంటున్నాం. పాప టీచర్, నేను అమ్మని. ఇది దాని ఐడియా, చాలా సీరియస్‌గా చేస్తోంది.

నాకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నది టీచర్‌ని పిలవడం. ఇక్కడ టీచర్‌ని పేరు పెట్టి పిలుస్తారు, పిల్లలూ అంతే, పెద్దలూ అంతే. మేడమ్ లేదు, సార్ లేదు, గారు లేదు. మీరు అనే మాటకి బదులు "దూ", అంటే నువ్వు. మనసొప్పక "దేరె" అని వాడా, అది మీరు కదా అని. పాప రిహార్సల్ ఆపేసి "అమ్మా, అక్కడ ఒక్కళ్ళే ఉంటారు" అంది. దేరె అంటే ఇద్దరూ ముగ్గురూ ఉన్నప్పుడే, గౌరవానికి కాదు. మరి గౌరవం ఎలా చూపిస్తారు అని పక్కింటావిడని అడిగితే, టైముకి వెళ్ళు, చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా విను, చివర్లో థాంక్స్ చెప్పు, ఇంకేం కావాలి అంది. సరే, అలాగే.

అడగాల్సినవి రాసుకున్నా. లెక్సెకి రోజుకి ఎంతసేపు పట్టాలి? "వూర్ లెంగె?" చాలా కష్టంగా ఉంటే ఆపేయొచ్చా? చదివేటప్పుడు తప్పు పలికితే వెంటనే సరిచేయాలా, వాక్యం అయ్యాకా? నేను తెలుగులో వివరించొచ్చా?

చివరి ప్రశ్న రాయడానికి అన్నిటికన్నా ఎక్కువ టైము పట్టింది.

46వ వారం

అయింది. అరగంట. ఇంగ్లీషు రెండు మాటలు దొర్లాయి, రెండూ నావే, కంగారులో.

నేను లెక్సె గురించి మొదలుపెడదామని సిద్ధంగా కూర్చుంటే టీచర్ ముందు పాపవైపు తిరిగి "త్రీవెస్ దూ పో స్కూలెన్?" అనడిగింది. స్కూల్లో నీకు బాగుందా, సంతోషంగా ఉంటున్నావా అని. తర్వాత బ్రేక్‌లో ఎవరితో ఆడతావు, ఎవరైనా బాధపెడుతున్నారా. పది నిమిషాలు ఇదే. మార్కుల మాటే రాలేదు, ఏడో క్లాసు వరకు ఇక్కడ గ్రేడులుండవు, ఎనిమిదిలో మొదలవుతాయి. మా చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం కోసం వణుకుతూ నిలబడ్డవాళ్ళం, టీచర్ మొదటి ప్రశ్న ఇదవ్వడం నాకు చాలా నచ్చింది.

తర్వాత నా ప్రశ్నలు. చదవడంలో తప్పొస్తే వాక్యం పూర్తయ్యాక చెప్పమంది, మధ్యలో ఆపితే కథ తెగిపోతుందట. అరగంట దాటినా అవ్వకపోతే ఆపేసి కాగితం మీద ఒక ముక్క రాసి పంపమంది. ఒకచోట అర్థం కాలేదు, "యై ఫొష్టోర్ ఇక్కె, కాన్ దూ ఫొర్‌క్లారె?" అన్నా, ఏమీ అనుకోకుండా నెమ్మదిగా మళ్ళీ చెప్పింది. నా ష్ట బాగా వచ్చింది.

తెలుగులో వివరించొచ్చా అని అడిగితే, తప్పకుండా వివరించండి, లెక్క అర్థమవడం ముఖ్యం, ఏ భాషలో అర్థమైతే ఏంటి, ఇంట్లో తెలుగు ఎంత గట్టిగా ఉంటే ఇక్కడా అంత మంచిది అంది. ఇది నా చెవులతో నార్వీజియన్‌లో విని, నాకే అర్థమై, పక్కన పాప కూడా వింది. ఆ రోజు నుంచి పాప స్కూల్ మాటలకి తెలుగు అడగడం మొదలుపెట్టింది, ఒప్‌గావెని ఏమంటారు, దేలెని ఏమంటారు అని. నోట్‌బుక్‌లో మూడో కాలమ్ దానిది, దాని చేతిరాతతో.

48వ వారం

ఈ వారం లెక్సె, "తిల్ ఫ్రేదాగ్": ఇంట్లో ఒక పెద్ద మనిషిని, చిన్నప్పుడు స్కూల్ ఎలా ఉండేదో ఇంటర్వ్యూ చేసి ఐదు వాక్యాలు రాయాలి. శుక్రవారానికి, అంటే గురువారం రాత్రికి. ఈసారి బుధవారమే కూర్చున్నాం.

నన్ను చేస్తుందనుకున్నా, "నువ్వు కాదు, అమ్మమ్మ" అంది. వీడియో కాల్. పాప నార్వీజియన్‌లో రాసుకున్న ప్రశ్నని తనే తెలుగులో అడిగింది, "అమ్మమ్మా, నీకు లెక్సె ఉండేదా? అంటే ఇంటికిచ్చే పని." మా అమ్మ పలక గురించి చెప్పింది, బలపం అరిగిపోతే చిన్న ముక్కని వెదురు పుల్లకి దూర్చి రాసేదట, చీకటి పడితే కిరసనాయిలు దీపం దగ్గర అక్కచెల్లెళ్ళు నలుగురూ చుట్టూ కూర్చుని ఎక్కాలు ఒకేసారి పైకి చదివేవాళ్ళట, ఎవరు తప్పినా తాతకి గదిలోంచే తెలిసిపోయేదట.

పలకకి నార్వీజియన్ మాట "తవ్లె" అని పక్కింటావిడ చెప్పింది. బలపానికి ఏమంటారో వెతుకుతున్నాం, ఇంకా దొరకలేదు. పాప మాత్రం ఆగకుండా "బలపం" అని వాళ్ళ అక్షరాల్లోనే రాసేసి కింద బొమ్మ గీసింది. నాలుగు వాక్యాలయ్యాయి, ఐదోది రేపు.